జూన్ నెల కొరత
ఇంటి జమాఖర్చు మొదటిసారి రాసుకునేవారి కోసం



ప్రతి ఏటా ఈ సంచికలో మన సొసైటీ జమాఖర్చులు అచ్చు వేస్తున్నాం. ఎంత వసూలైంది, ఎన్ని స్కాలర్‌షిప్పులు ఇచ్చాం, ఎన్ని కుట్టుమిషన్లు పంచాం అన్నది ఆడిటరు సంతకంతో సహా మీ ముందు పెడుతున్నాం. ఈసారి ఆ పేజీల కంటే ముందు ఇంకో జమాఖర్చు పెడుతున్నాం. అది ఒక ఇంటిది. ఆ ఇంటివారి అనుమతితోనే, పేరు, వీధి లేకుండా రాస్తున్నాం. నెలసరి బడ్జెట్ ఎన్నడూ వేసుకోనివారు మొదటిసారి ఎలా వేసుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది సాయం తీసుకునేవారికి చెప్పే పాఠం, మనకెందుకు అని పేజీ తిప్పేయవద్దని మనవి. మేము కూడా మొదట అలాగే అనుకున్నాం.

స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారంలో నెల ఆదాయం, నెల ఖర్చు అని రెండు గళ్ళున్నాయి. 2024 డిసెంబరులో పాత ఫారాలన్నీ ఒకచోట వేసుకుని చూస్తే ఒక సంగతి కనిపించింది. దాదాపు అందరూ రెండు గళ్ళలో ఒకే అంకె రాశారు. ఆదాయం 15,000, ఖర్చు 15,000. ఆదాయం 18,000, ఖర్చు 18,000. ఎవరూ అబద్ధం రాయలేదు. వచ్చింది వచ్చినట్టు అయిపోతుంది కాబట్టి అదే ఖర్చు అనుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఫారాల మీద సంతకాలు పెట్టిన మేము కూడా ఆ గడిని ఏనాడూ ప్రశ్నించలేదు.

జనవరి నుంచి కొన్ని కుటుంబాల చేత ఒక నెల లెక్క రాయించాలని కమిటీలో అనుకున్నాం. అప్పుడు మాలో పెద్దాయన ఒకరు, "ముందు మనం రాద్దాం, తర్వాత వాళ్ళను అడుగుదాం" అన్నారు. తొమ్మిది మందిమి తొమ్మిది లాంగ్ నోటుబుక్కులు కొన్నాం. నెలాఖరుదాకా రాసింది నలుగురమే. ఇద్దరు మొదటి వారంలోనే మానేశారు. ఒకరింట్లో "ఎవరు ఖర్చు చేశారు" అనే గడి పెట్టుకోవడంతో రెండో ఆదివారానికి పెద్ద గొడవే అయింది. ఆ గడిని మేము తర్వాత తీసేశాం, మీరు కూడా పెట్టుకోకండి. తేదీ, దేనికి, ఎంత. ఈ మూడు గళ్ళు చాలు.

మొదటి నెల రాసే పద్ధతి ఇది. నెల మొదటి రోజు ఇంట్లో ఉన్న నగదు, బ్యాంకులో ఉన్న సొమ్ము లెక్కపెట్టి మొదటి పంక్తిలో రాయాలి. ఈ పంక్తి లేకపోతే నెలాఖరున ఎంత తేడా వచ్చిందో తెలిసే దారి లేదు. ఆ తర్వాత ఏ రోజు ఖర్చు ఆ రాత్రే రాయాలి. రేపు రాద్దాం అనుకున్నది మరి దొరకదు. ఫోన్‌తో కట్టేవన్నీ ఫోన్‌లోనే ఉంటాయి కదా అని మాలో కొందరు ధీమాగా ఉన్నారు. నెలాఖరున తెరిచి చూస్తే వరుసగా మనుషుల పేర్లు, వాటి పక్కన 40, 60, 110. ఆ 110 పండ్లకా, పంక్చరుకా అన్నది ఎవరికీ గుర్తులేదు. కాబట్టి ఫోన్ చెల్లింపులు కూడా రాత్రి నోటుబుక్కులోకి ఎక్కాల్సిందే. మరిచిపోయినదాన్ని "తెలియదు" అని రాసి అంకె వేయండి, తప్పేమీ లేదు.

కిరాణా కొట్టులో ఖాతా ఉన్నవారికి ఒక చిక్కు వస్తుంది. సరుకు తెచ్చిన రోజు రాయాలా, డబ్బు కట్టిన రోజు రాయాలా? ఖాతాలో తెచ్చింది వెనుక పేజీలో రాసుకుని, కట్టిన రోజు ముందు పేజీలోకి తేవాలి. రెండు రోజులూ ముందు పేజీలోనే రాస్తే ఒకే బియ్యం రెండుసార్లు కొన్నట్టవుతుంది.

మరో ముఖ్యమైన మాట. ఈ మొదటి నెలలో ఏ ఖర్చునూ తగ్గించకూడదు. బడ్జెట్ అనగానే చాలామంది మొదటి రోజే మాంసం మానేస్తాం, టీ మానేస్తాం అంటారు. అలా రాసిన నెల మీ ఇంటి నెల కాదు. అది వ్రతం లాంటిది, రెండో నెలకు నిలవదు. ఉన్నది ఉన్నట్టు జరగనివ్వండి, రాయండి, అంతే. పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు సూరా బఖరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించి. రాత అనేది దుకాణదారులకు, గుమాస్తాలకు మాత్రమే సంబంధించిన పని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇక 2025 జనవరిలో నోటుబుక్కు తీసుకున్న ఆ ఇంటి సంగతి. వారిది మన ఖమ్మమే. ఆయన టూ వీలర్ మెకానిక్ షాపులో పనిచేస్తారు. రోజుకు 600, శుక్రవారం సెలవు, ప్రతి శనివారం చేతికి 3,600. ఆమె ఇంట్లో బట్టలు కుడతారు, మామూలు నెలలో 2,500 వస్తాయి. ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడిలో చదువుతున్నారు. కొత్త రేషన్ కార్డు అప్పటికి చేతికి రాలేదు కాబట్టి జీరో కరెంటు బిల్లు గానీ, 500 గ్యాస్ గానీ వారికి వర్తించవు. మన సొసైటీ వారికి మూడేళ్ళుగా ఏటా 6,000 స్కాలర్‌షిప్ ఇస్తోంది.

జనవరిలో నాలుగు శనివారాలు వచ్చాయి. ఆయనవి 14,400, ఆమెవి 2,500, మొత్తం 16,900. ఒకటో తేదీన డబ్బాలో చిల్లర తప్ప ఏమీ లేదు, సున్నా అనే రాశారు. నోటుబుక్కులోని ఖర్చులను నెలాఖరున కలిపితే ఇలా తేలింది:

అద్దె 4,500
కిరాణా, బియ్యం 3,600
కూరగాయలు, మాంసం, గుడ్లు 2,800
పాలు 900
కరెంటు 450
రెండు ఫోన్ల రీచార్జి 600
పిల్లల ఆటో 800
పెట్రోలు 900
బయట టీ, టిఫిన్, చిల్లర 1,350
మొత్తం 15,900

టీ, టిఫిన్‌కు నెలకు 300 అవుతుందేమో అని ఆయన ముందే చెప్పారు. 1,350 చూసి ఆయనే ఆశ్చర్యపోయారు. మాకు మాత్రం అది కాదు ఆశ్చర్యం. 16,900 వచ్చి 15,900 ఖర్చయితే డబ్బాలో 1,000 ఉండాలి. ఉన్నవి 250. మిగతా 750 ఏమైనట్టు?

మన మహిళా విభాగం సభ్యురాలు ఒకరు మరునాడు ఒంటరిగా వెళ్ళి కూర్చుంటే అప్పుడు ఆమె చెప్పారు. "ఆపా, అది రాయబుద్ధి కాలేదు. వడ్డీ కడుతున్నామంటే మీరేమనుకుంటారో అని." 2024 జూన్‌లో బడులు తెరిచింది 12న, బక్రీద్ వచ్చింది 17న. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు, పండుగ అన్నీ ఒకే వారంలో పడ్డాయి. 15,000 అప్పు తెచ్చారు, నూటికి ఐదు రూపాయల వడ్డీ. నెలకు 750 వడ్డీకే పోతోంది. అసలు అలాగే ఉంది.

ఆ 750ని ఎనిమిది నెలలు కడితే 6,000 అవుతుంది. అంటే ఒక ఏడాది స్కాలర్‌షిప్. దాతలు ఇచ్చిన సొమ్ము పిల్లల ఫీజుకు వెళ్ళిందని మేము ఈ సంచికలోనే రాశాం, ఫొటో కూడా వేశాం. లెక్క ప్రకారం చూస్తే అంత సొమ్మూ ఇంకో చేతి మీదుగా వడ్డీ వ్యాపారికి చేరింది. అడగనందుకు తప్పు మాది. ఆమె సిగ్గుపడి దాచిపెట్టారు. మేము ఫారం నిండిందా లేదా అని మాత్రమే చూశాం.

అప్పుడు వారితో కూర్చుని నెల లెక్కను ఏడాది లెక్కగా మార్చాం. మొదటిసారి బడ్జెట్ వేసేవారికి అసలు పాఠం ఇక్కడే ఉంది. నెలనెలా వచ్చే ఖర్చులు మనుషులను అప్పుల్లోకి నెట్టవు, వాటికి తగ్గట్టు ఇల్లు సర్దుకునే ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవే నెట్టుతాయి. అవి అనుకోకుండా వచ్చేవి కూడా కావు. బడి ప్రతి జూన్‌లో తెరుస్తారు. పండుగ ప్రతి ఏటా వస్తుంది. గ్యాస్ సిలిండర్ నెలన్నరకు అయిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా వచ్చిన ప్రతిసారీ "ఈ నెల ఖర్చు ఎక్కువైంది" అంటాం.

నోటుబుక్కు చివరి పేజీలో పన్నెండు నెలల పేర్లు రాసి, ఏ నెలలో ఏం వస్తుందో వారి చేతనే చెప్పించాం. ఫీజులు, పుస్తకాలు 12,000. యూనిఫారాలు, బూట్లు 3,000. రంజాన్ నెల ఖర్చు, ఈద్ బట్టలు, ఫిత్రా కలిపి 9,000. బక్రీద్‌కు 3,000. ఎనిమిది సిలిండర్లు 7,200. పెళ్ళిళ్ళకు, అఖీఖాలకు వెళ్ళిరావడం, చదివింపులు 4,000. జ్వరాలు, మందులు 4,000. మొత్తం 42,200. ఇది కాక ఫోన్ సంగతి ఒకటి. నెల రీచార్జి అంటాం గానీ అది 28 రోజులకే అయిపోతుంది, ఏడాదికి పన్నెండు కాదు పదమూడు. రెండు ఫోన్లకు 600 చొప్పున 7,800. మిగిలిన నెలవారీ ఖర్చు 15,300, పన్నెండు నెలలకు 1,83,600. అన్నీ కలిపితే ఏడాది ఖర్చు 2,33,600.

ఇటు ఆదాయం కూడా ఏడాదికి లెక్కగట్టాం. వారపు కూలి తీసుకునేవారు నెలకు నాలుగు వారాలు అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు, అంటే నాలుగు నెలల్లో ఐదేసి శనివారాలు వస్తాయి. 2025లో అవి మార్చి, మే, ఆగస్టు, నవంబరు. 52 వారాలకు 1,87,200. ఆమె కుట్టుపనికి తొమ్మిది నెలలు 2,500 చొప్పున, రంజాన్‌కు ముందు రెండు నెలలు, బడులు తెరిచే ముందు ఒక నెల 6,000 చొప్పున, అంతా కలిపి 40,500. మొత్తం ఆదాయం 2,27,700.

కొరత 5,900. మన స్కాలర్‌షిప్ 6,000.

ఈ అంకెలు చూశాక గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఈ ఇంటికి ఏడాది మొత్తం మీద కొరత లేదు. ఉన్నదంతా జూన్ కొరత. ఐదో శనివారం కూలి, పండుగ ముందు కుట్టుపని డబ్బు వచ్చిన నెలలోనే కలిసిపోతున్నాయి, జూన్‌దాకా నిలవడం లేదు. అనారోగ్యం పెద్దదైనా, షాపు కొన్నాళ్ళు మూతపడినా ఈ లెక్క తలకిందులవుతుంది. అది నిజమే. కానీ ఆ 15,000 అప్పు అటువంటి ఆపద వల్ల వచ్చింది కాదు.

ఆ పేజీ చూసి మూడు పనులు చేశారు. ఇంటి ఖర్చును నాలుగు శనివారాల లెక్కకే కట్టుకున్నారు. ఐదో శనివారం వచ్చినప్పుడు ఆ 3,600 నేరుగా పోస్టాఫీసు ఖాతాలో వేస్తున్నారు. కుట్టుపనిలో 2,500 దాటి వచ్చింది కూడా అదే ఖాతాకు. ఆయన మధ్యాహ్నం టిఫిన్ బదులు ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్తూ 1,350ని 850కి తెచ్చారు. టీ మాత్రం మానలేదు, మేము మానమని చెప్పలేదు. మిగిలిన ఆ 500తో అప్పు తీరే దారి దొరికింది. మన ఖర్జె హసనా నిధి నుంచి, అంటే జకాత్ కాకుండా వేరుగా ఉన్న ఖాతా నుంచి, 15,000 ఇచ్చి ఆ వడ్డీ అప్పు తీర్పించాం. నెలకు 500 చొప్పున ముప్పై వాయిదాలు. ఇప్పటిదాకా ఒక్క నెల తప్పింది, దాన్ని చివర్లో కలిపాం.

పండుగ ఖర్చు గురించి ఒక చిన్న కిటుకు. ఏడాది ఖర్చులను పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెట్టమని ఎవరైనా చెబుతారు. ఫీజులకు అది సరిపోతుంది. మన పండుగలకు సరిపోదు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే, కాబట్టి పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఈద్ మార్చి 31న వచ్చింది. 2026లో రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, బక్రీద్ మే చివరికి వస్తుంది. 2030లో అయితే రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. జీతాలేమో ఇంగ్లీషు నెలల ప్రకారం వస్తాయి. అందుకని పండుగ ఖర్చును మాత్రం పదకొండుతో భాగించండి. రెండు పండుగలకు 12,000 అయ్యే ఇంట్లో నెలకు 1,000 కాదు, 1,091, పోనీ 1,100 తీయాలి. తేడా చిన్నదే, కానీ పండుగ మీకోసం ఆగదు కదా.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. నోటుబుక్కు పూర్తిచేసిన మా నలుగురిలో ఒకరికి నెల జీతం, ముగ్గురికి వ్యాపారం. జీతం ఉన్నాయన లెక్క తేలిగ్గా తేలింది. వ్యాపారం ఉన్న ముగ్గురికీ తేలలేదు. గల్లాలోంచి కూరగాయలకు తీస్తారు, ఇంట్లో డబ్బుతో సరుకు దింపుతారు. ఇల్లెంత తింటుందో, షాపెంత సంపాదిస్తుందో ఏదీ చెప్పలేరు. ముప్పై ఏళ్ళుగా హోల్‌సేల్ చేస్తున్న మనిషి తన ఇంటి ఖర్చు 25,000 అన్నారు, నోటుబుక్కులో 41,000 తేలింది. అలాంటివారు తమకు తామే నెల జీతం కట్టుకోవాలి. ఒకటో తేదీన షాపు నుంచి ఇంత అని తీసి ఇంట్లో ఇచ్చేయాలి, మళ్ళీ నెల దాకా గల్లాను ముట్టకూడదు. తక్కువైతే తక్కువైందని రాయాలి, వచ్చే నెల జీతం పెంచుకోవచ్చు.

జకాత్ లెక్క కూడా దీనిమీదే నిలబడుతుంది. ఉండే ఇల్లు, వాడుకునే బట్టలు, సామాను, బండి మీద జకాత్ లేదు. అమ్మకానికి ఉన్న సరుకు మీద ఉంది. నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం నిండిన సొమ్ములో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర. ఇల్లు, షాపు ఒకే జేబులో ఉన్నప్పుడు ఏది మిగిలిందో ఎలా చెప్పగలం? రంజాన్‌లో "ఒక ఇరవై వేలు రాసుకోండి" అని మాతో చెప్పే దాతలు చాలామంది ఉన్నారు. అల్లాహ్ వారికి బర్కత్ ఇవ్వాలి. కానీ అది అంచనా. తక్కువే కావచ్చు, ఎక్కువే కావచ్చు. మాలో హోల్‌సేల్ చేసే ఆయన ఈసారి మొదటిసారి రాతలో లెక్క వేసుకున్నారు. అంతకుముందు అంచనాతో ఇచ్చినదానికి, రాతలో తేలినదానికి ఎంత తేడా వచ్చిందో ఆయన మాతో చెప్పలేదు. ఎవరి అప్పును తీసివేయాలి, ఎవరికి రావాల్సిన బాకీని కలపాలి అన్న సందేహాలకు మీ ఆలిమ్‌గారిని అడగండి. అయితే ఆయన దగ్గరికి నోటుబుక్కుతో వెళ్ళండి.

ఆ మెకానిక్ ఇంటికి 2025 జూన్ ఎలా గడిచిందో చెప్పాలి. బక్రీద్ 7న, బడులు 12న. స్కూలువారు ఫీజు రెండు వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నారు. సగం ఫీజు, యూనిఫారాలు, బూట్లు కలిపి 9,000 కావాలి. పండుగ చేసుకున్నాక పోస్టాఫీసు ఖాతాలో 7,000 ఉన్నాయి. 2,000 ఆమె తమ్ముడి దగ్గర చేబదులు తెచ్చారు, ఆగస్టులో తిరిగి ఇచ్చారు. వడ్డీ అప్పు తేలేదు. ఆ తర్వాత రేషన్ కార్డు కూడా వచ్చింది, బియ్యం ఖర్చు తగ్గింది. కొత్త పేజీలో ఆ పంక్తిని ఆమె స్వయంగా మార్చి రాశారు.

చేబదులు ఆగస్టులోనే ఎందుకు తీర్చారు? మన స్కాలర్‌షిప్ చెక్కు ఆగస్టులో ఇస్తాం కాబట్టి. ఆగస్టు 15 సభలో, వేదిక మీద, ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇవ్వడం మొదటినుంచీ అలవాటు. ఫీజు కట్టాల్సింది జూన్‌లో, మేము ఇచ్చేది ఆగస్టులో. ఆ రెండు నెలల ఖాళీలోనే 15,000 అప్పు పుట్టింది. వారి నోటుబుక్కు చివరి పేజీలో పన్నెండు నెలలు వరుసగా రాసి ఉంటే తప్ప ఇది మా బుర్రకు ఎక్కలేదు.

అందువల్ల 2026 నుంచి స్కాలర్‌షిప్ సొమ్ము మే చివరి వారంలో నేరుగా తల్లుల బ్యాంకు ఖాతాల్లో వేయాలని కార్యవర్గం తీర్మానించింది. ఆగస్టు 15న జెండా వందనం, పిల్లలకు మిఠాయిలు యథావిధిగా ఉంటాయి, చెక్కుల పంపిణీ ఉండదు. ఇది జరగాలంటే సొమ్ము ఏప్రిల్ చివరికల్లా మా దగ్గర ఉండాలి. ఈసారి రంజాన్ ఫిబ్రవరి, మార్చిలలో వస్తోంది కాబట్టి జకాత్ ఇచ్చే దాతలకు ఇబ్బంది ఉండదు. జులైలో ఇచ్చే అలవాటున్న దాతలు దయచేసి తేదీని ముందుకు జరుపుకోవాలని మనవి. లాంగ్ నోటుబుక్కులు ఆఫీసులో ఉన్నాయి. మొదటి పేజీలో మూడు గళ్ళు, చివరి పేజీలో పన్నెండు నెలలు మేమే గీయించి ఉంచాం. దరఖాస్తుదారులకే కాదు, అడిగిన దాతలకు కూడా ఇస్తాం.